చంటిపిల్లలతో క్రూజ్ ప్రయాణం: వరంగల్ నుంచి బయలుదేరే కుటుంబానికి ఏర్పాట్లు

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వంటి ఊళ్ళ నుంచి క్రూజ్‌కు వెళ్ళే కుటుంబానికి సముద్రం కంటే ముందు నేల మీది ప్రయాణమే పెద్ద పని. ఏ రేవుకు చేరాలన్నా ఒక రాత్రంతా రైలులో గడపాలి, లేదా కారులో శంషాబాద్ వరకు వెళ్ళి అక్కడ విమానం ఎక్కాలి. అందువల్ల మూడేళ్ళలోపు పిల్లలున్నవారు ఓడలో ఎన్ని అంతస్తులున్నాయి, ఎన్ని వినోదాలున్నాయి అని చూడడానికి ముందు, ఇంటి గడప దాటినప్పటి నుంచి ఓడ గదిలో బిడ్డను పడుకోబెట్టే వరకు ఎన్ని గంటలు పడుతుందో లెక్క వేసుకోవాలి. ఆ ఒక్క రోజు సవ్యంగా గడిస్తే మిగిలిన రోజులు తేలికగానే సాగుతాయి. గదిలోనే పడక, నాలుగు అడుగుల దూరంలో భోజనం, రోజుకో హోటల్ మారే బాధ లేకపోవడం పసిపిల్లల తల్లిదండ్రులకు నిజంగా కలిసివచ్చే విషయాలు.

ముందుగా వయసు సంగతి. అంతర్జాతీయ క్రూజ్ సంస్థలలో చాలావరకు 6 నెలలు నిండని శిశువును ఎక్కించుకోవు. వరుసగా కొన్ని రోజులు రేవు తగలకుండా నడిసముద్రంలో సాగే దూర ప్రయాణాలకైతే 12 నెలలు నిండి ఉండాలంటాయి. ఈ వయసును టికెట్ కొన్న రోజుకు కాక ఓడ బయలుదేరే రోజుకు లెక్కిస్తారు. తల్లి మళ్ళీ గర్భవతి అయితే, ప్రయాణం ముగిసేనాటికి 24 వారాలు నిండకూడదన్న నిబంధన కూడా చాలా సంస్థల్లో ఉంది. నిబంధన ఒప్పుకున్నంత మాత్రాన ప్రతి వయసూ ఒకేలా ఉండదు. పాకుతూ, చంకలో కుదురుగా ఉండే 7 నుంచి 10 నెలల బిడ్డతో ప్రయాణం సులువు. అప్పుడే నడక నేర్చి, ఏ మాటా వినని ఏడాది, ఏడాదిన్నర వయసు అన్నిటికంటే కష్టం. వీలైతే ఆ దశను దాటనివ్వడం మంచిది. చాలా ఓడల్లో పిల్లల ఆటగదికి 3 ఏళ్ళు నిండి, డైపర్ మానిన పిల్లలనే తీసుకుంటారు కనుక, మూడు దాటిన బిడ్డ ఉంటే తల్లిదండ్రులకు కూడా కాస్త ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది.

మన దేశపు రేవుల నుంచి నడిచే విహార నౌకల్లో ఎక్కువమందికి తెలిసినది కార్డీలియా సంస్థ నడిపే ఎంప్రెస్. ముంబయి నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు, మరికొన్ని నెలలు చెన్నై నుంచి శ్రీలంక వైపు ఈ ఓడ తిరుగుతుంది. 2022లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి కూడా నడిచింది. రేవులు, తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి పట్టిక చూసుకున్నాకే మిగతా ఆలోచన చేయాలి. మొదటిసారి వెళ్ళేవారికి రెండు, మూడు రాత్రుల ప్రయాణం చాలు. అయిదు రాత్రులకు టికెట్ చవకగా వచ్చిందని తీసుకుంటే, బిడ్డకు ఓడ పడకపోయినప్పుడు మధ్యలో దిగే దారి ఉండదు. లక్షద్వీప్ పేరు ఎంత ఆకర్షించినా పసిపిల్లలతో తొలి ప్రయాణానికి అది తగినది కాదని నా అభిప్రాయం. అక్కడ పెద్ద ఓడ ఒడ్డుకు ఆనదు, దూరంగా లంగరు వేసి ప్రయాణికులను చిన్న పడవల్లోకి దించుతారు. ఊగే పడవలోకి బిడ్డను ఎత్తుకుని అడుగు వేయడం ఒక కష్టమైతే, గాలి ఎక్కువైనప్పుడు ఆ దింపడం కూడా మానేస్తారు. ఓడ నేరుగా గట్టుకు ఆనుకునే గోవా, కొచ్చి వంటి రేవులే నయం.

వరంగల్ నుంచి చెన్నైకి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ వంటి నేరు రైళ్ళున్నాయి. విశాఖపట్నానికి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. నిజామాబాద్ వైపు వారు ముంబయికి దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళవచ్చు. రైలులో 5 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు కానీ బెర్త్ కూడా రాదు. ఓడ ఎక్కే ముందురోజు రాత్రి బిడ్డ సరిగా నిద్రపోవడం ఎంత అవసరమో తెలిసినవారు రెండేళ్ళు దాటిన బిడ్డకు పూర్తి ఛార్జీ చెల్లించి కింది బెర్త్ తీసుకోవడానికి వెనుకాడరు. ఎలా వెళ్ళినా సరే, ఓడ బయలుదేరే రోజు ఉదయం ఆ ఊరు చేరే రైలును నమ్ముకోకూడదు. రైలు నాలుగు గంటలు ఆలస్యమైనా ఓడ ఆగదు, డబ్బూ తిరిగి రాదు. ఒక రోజు ముందే చేరి, రేవుకు దగ్గరగా గది తీసుకుని, బిడ్డకు స్నానం చేయించి పడుకోబెట్టడమే సరైన పద్ధతి. ఆ ఒక్క రాత్రి హోటల్ ఖర్చును క్రూజ్ ఖర్చులో భాగంగానే చూడాలి.

సింగపూర్ నుంచి బయలుదేరే పెద్ద ఓడల్లో పసిపిల్లల సౌకర్యాలు మెరుగ్గా ఉంటాయి. అయితే శంషాబాద్ వరకు కారు, ఆపైన నాలుగు గంటలు దాటే విమానం, వీసా, రెండున్నర గంటల కాలభేదం అన్నీ కలిసి వస్తాయి. వరంగల్ పక్కనే ఉన్న మామునూరు విమానాశ్రయం అందుబాటులోకి వచ్చే వరకు ఓరుగల్లు వారికి ఈ తిప్పలు తప్పవు. ఇది రెండోసారి ప్రయాణానికి ఉంచుకోవలసిన మార్గం.

ఏ నెలలో వెళ్ళాలి

జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానులు పుడతాయి. మనకు బతుకమ్మ, దసరా సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి కాబట్టి, ఆ సెలవుల్లో వెళ్ళదలచినవారు తూర్పు తీరం కంటే ముంబయి వైపు చూడడం మేలు. జనవరి నుంచి మార్చి వరకు రెండు వైపులా సముద్రం కొంత నెమ్మదిగా ఉంటుంది, ఎండ కూడా ముదరదు. బడి వయసు పిల్లలు లేని ఇంటికి సెలవులతో పని లేదు కనుక ఆ నెలలే ఎంచుకోవాలి. ఒక్క జాగ్రత్త అవసరం. రెండేళ్ళకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రోజుల్లో వరంగల్, కాజీపేట స్టేషన్లలో బిడ్డను ఎత్తుకుని నడవడానికి సందు దొరకదు, ఆర్టీసీ బస్సులు పెద్ద సంఖ్యలో జాతరకు వెళ్ళిపోతాయి. 2026లో జాతర జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. జాతర ఏడాదిలో ఆ వారానికి అటూ ఇటూ ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది.

కాగితాలు

దేశంలోని రేవుల మధ్య తిరిగే ప్రయాణానికి పెద్దలకు ప్రభుత్వ గుర్తింపు కార్డు, పిల్లలకు జనన ధ్రువపత్రం లేదా ఆధార్ సిద్ధంగా ఉంచుకోవాలి. అయిదేళ్ళలోపు పిల్లలకు నీలిరంగు బాల ఆధార్ ఇస్తారు, దానికి వేలిముద్రలు అక్కరలేదు. శ్రీలంక వెళ్ళే ఓడకైతే నెలల బిడ్డకు సైతం సొంత పాస్‌పోర్టు ఉండాలి, ఆ దేశపు ప్రవేశ అనుమతిని ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది కాబట్టి బిడ్డను హైదరాబాద్ వరకు తిప్పవలసిన పని లేదు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. నాలుగేళ్ళలోపు పిల్లలకు తెల్లటి నేపథ్యంతో తీసిన ఫోటో వెంట తీసుకువెళ్ళాలి. బిడ్డకు పాస్‌పోర్టు ఇవ్వడానికి సమ్మతి తెలుపుతూ తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్చర్ డి ప్రకటన కూడా ఉండాలి. పిల్లల పాస్‌పోర్టును 5 ఏళ్ళ గడువుతోనే ఇస్తారు, ప్రయాణ సమయానికి దానికి ఇంకా కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి.

ఈ పనిలో మన ఇళ్ళల్లో ఎక్కువగా ఆలస్యం చేసేది ఇంటిపేరు. జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరే లేకుండా తల్లిదండ్రుల పేర్లు మాత్రమే ఉండడం, ఇంటిపేరు స్థానంలో ఒక్క అక్షరం రాసి వదిలేయడం, తండ్రి ఆధార్‌లో ఇంటిపేరు ముందూ తల్లి ఆధార్‌లో వెనుకా ఉండడం సాధారణం. టికెట్ మీది పేరు, గుర్తింపు పత్రం మీది పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. కనుక నగరపాలక సంస్థలోనో గ్రామ పంచాయతీలోనో పత్రం సరిచేయించిన తరువాతే టికెట్ కొనాలి. తల్లిదండ్రులలో ఒక్కరే వెళ్తున్నా, అమ్మమ్మ తాతయ్యలు మనుమరాలిని తీసుకువెళ్తున్నా, రానివారి సమ్మతి పత్రం రాయించి దగ్గర పెట్టుకోవాలి.

గది ఎంపిక, తొట్టెల సమస్య

ఊపు తక్కువగా తెలిసేది ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లోని గదుల్లో. ముక్కు భాగంలోనూ పై అంతస్తుల్లోనూ అది ఎక్కువ. కిటికీ లేని లోపలి గది చవక, పగటి నిద్రకు కావలసిన చీకటీ దొరుకుతుంది. కానీ బిడ్డ పడుకున్నంతసేపూ పెద్దలు కూడా ఆ చీకట్లోనే కూర్చోవాలి. బాల్కనీ గది తీసుకుంటే బిడ్డ నిద్రపోతున్నప్పుడు బయట కూర్చుని సముద్రం చూడవచ్చు. అయితే నడిచే వయసు బిడ్డ ఉంటే ఆ తలుపు గడియ ఎప్పుడూ వేసి ఉండాలి, కుర్చీలు, బల్లలు కటకటాల దగ్గర ఉండనే కూడదు. గదిలో ఇద్దరు పెద్దలకు తక్కువ కాకుండా ఉండేటట్లయితేనే బాల్కనీ తీసుకోవాలని, లేకపోతే తెరుచుకోని కిటికీ ఉన్న గది చాలునని చెబుతాను.

గది కుదిరిన వెంటనే, టికెట్‌తో పాటే, పసిపిల్లల మంచం కావాలని రాతపూర్వకంగా అడగాలి. అవి ఓడలో పరిమితంగా ఉంటాయి. ఇక్కడే మన ఇళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. చీరతో కట్టిన తొట్టెలలో ఊపితే తప్ప నిద్రపోని పిల్లలు తెలంగాణ ఇళ్ళల్లో ఎందరో ఉన్నారు. ఓడ గదిలో చీర కట్టడానికి దూలం ఉండదు. ఎక్కడో ఒకచోట కట్టే ప్రయత్నం ప్రమాదం, పైకప్పులో మంటలు ఆర్పే నీటి తుంపరల గొట్టాలు ఉంటాయి. కాబట్టి ప్రయాణానికి మూడు, నాలుగు వారాల ముందు నుంచే బిడ్డను సమతలమైన పడక మీద పడుకోబెట్టడం అలవాటు చేయాలి. మొదట పగటి నిద్ర ఒక్కటి పడక మీద, అది కుదిరాక రాత్రి నిద్ర కూడా. నాయనమ్మ ఒప్పుకోకపోవచ్చు, మనవడు ఏడుస్తుంటే చూడలేక మళ్ళీ తొట్టెలలో వేయవచ్చు. ప్రయాణంలో ఆమె కూడా ఉంటే ఎందుకిలా చేస్తున్నామో ఆమెకు ముందే చెప్పి ఒప్పించుకోవడం అవసరం. ఇంట్లో కప్పే దుప్పటి ఉతకకుండా తీసుకువెళ్తే, ఆ వాసనకు కొత్తచోట కూడా బిడ్డ త్వరగా కుదుటపడుతుంది.

స్నానాల గదిలో సాధారణంగా షవర్ మాత్రమే ఉంటుంది. గాలి నింపే చిన్న తొట్టి ఒకటి పెట్టెలో పెట్టుకుంటే కూర్చోబెట్టి నీళ్ళు పోయవచ్చు. మరుగుదొడ్డి విమానంలో ఉన్నట్టే పెద్ద శబ్దంతో లాగుతుంది, రెండేళ్ళ పిల్లలు దానికి బెదిరి అటువైపే వెళ్ళనంటారు. బిడ్డను బయటికి పంపి, మూత వేసి అప్పుడు నొక్కాలి. డైపర్లు, తడి తుడుపులు అందులో వేస్తే వరుసగా పక్క గదుల గొట్టాలు కూడా మూసుకుపోతాయి కాబట్టి సంచిలో కట్టి గది సిబ్బందికే ఇవ్వాలి.

తిండి, పాలు

ఓడలో భోజనానికి కొదవ ఉండదు. భారతీయ ఓడల్లో పప్పు, అన్నం, పెరుగు, ఇడ్లీ దొరుకుతాయి. కాబట్టి ఏడాది దాటిన పిల్లల గురించి పెద్దగా బెంగపడనక్కర లేదు, ఉప్పూ కారం తక్కువగా చేయించమని మొదటి భోజనంలోనే వంటవారిని అడిగితే చాలు. ఆరు నెలల నుంచి ఏడాది లోపు పిల్లల సంగతే ఆలోచించాలి. గదిలో విద్యుత్ కెటిల్, ఇండక్షన్ పొయ్యి, ఇస్త్రీ పెట్టె వంటివి చాలా ఓడలు నిషేధిస్తాయి, ఎక్కే చోటే తీసి పక్కన పెడతాయి. ఇంటి వంట కూడా లోనికి రానివ్వరు, పసిపిల్లల ఆహారానికి మాత్రం మినహాయింపు ఉంటుంది. అందుకని వేయించి పట్టించిన ఉగ్గు పొడి, రాగి పిండి మూత బిగించిన డబ్బాలో తీసుకుని, అది బిడ్డ ఆహారమని డబ్బా మీద రాసిపెట్టాలి. ఉగ్గు ఉడకాలి కనుక వేడినీళ్ళలో కలిపితే సరిపోదు. పిండిని బాగా ఉడికించి ఇవ్వగలరా అని ఓడ సంస్థను ముందే అడగాలి, వీలు కాదంటే వేడినీళ్ళు కలిపితే తినగలిగే తయారీ ఆహారాన్ని ఇంట్లోనే ఒకటి, రెండుసార్లు అలవాటు చేసి తీసుకువెళ్ళాలి.

డబ్బా పాలు తాగే బిడ్డ ఉంటే ప్రయాణం రోజులకు రెండు రోజులు అదనంగా లెక్కకట్టి అదే రకం పాలపొడి తీసుకువెళ్ళాలి. ఓడ దుకాణంలో అది దొరుకుతుందని ఆశించకూడదు. పాలపొడి కలిపే నీరు కనీసం 70 డిగ్రీల వేడి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. టీ పెట్టే చోట నీళ్ళు పట్టి మంచి ఫ్లాస్కులో వెంటనే పోసుకుంటే ఆ వేడి కొంతసేపు నిలుస్తుంది. తల్లిపాలు తాగే బిడ్డకు ఈ బాధలేవీ లేవు. విహారం పేరు చెప్పి, సరిగ్గా బయలుదేరే ముందు పాలు మాన్పించడం తగదు. రాత్రి భోజనానికి రెండు వేళలు ఉంటే మొదటిది కోరుకోవాలి. రెండో వేళ పిల్లలు నిద్రపోయే సమయం.

ఎక్కే రోజు

ఓడ ఎక్కేందుకు ఇచ్చిన వేళల్లో బిడ్డ పగటి నిద్రకు అడ్డురానిది ఎంచుకోవాలి. రేవులో అప్పగించిన పెట్టెలు గదికి సాయంత్రానికి గానీ రావు, గది కూడా మధ్యాహ్నం దాటాకే ఇస్తారు. ఇది తెలియనివారు డైపర్లన్నీ పెద్ద పెట్టెలో సర్దేసి ఇబ్బంది పడతారు. డైపర్లు, పాలు, రెండు జతల బట్టలు, మందులు, కాగితాలు చేతిసంచిలోనే ఉండాలి.

బయలుదేరే ముందు భద్రతా అభ్యాసం తప్పనిసరి. ఇటలీ తీరంలో 2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అనే విహార నౌక ఒరిగిపోయిన తరువాత ఈ నిబంధనను మరింత కఠినం చేశారు. బిడ్డ నిద్రలో ఉన్నా వెళ్ళాలి. అక్కడే శిశువు లైఫ్ జాకెట్ అడిగి చూడాలి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం 15 కిలోల లోపు పిల్లలకు ఒక కొలత, 15 నుంచి 43 కిలోల వరకు మరో కొలత ఉంటాయి. గదిలో పెద్దల జాకెట్లే ఉంటే సిబ్బందికి చెప్పి అప్పటికప్పుడే తెప్పించుకోవాలి. జాకెట్ తొడిగించుకోవడం ఇంటి దగ్గరే అలవాటు కావాలంటే, ప్రయాణానికి ముందు ఒక ఆదివారం లక్నవరం చెరువుకు వెళ్ళి పడవ ఎక్కించవచ్చు. చెరువు నీరు కదలదు కాబట్టి బిడ్డకు సముద్రపు ఊపు పడుతుందో లేదో దానివల్ల తెలియదు, జాకెట్‌కు మాత్రం బెదురు పోతుంది. పాపికొండల లాంచీని ఇందుకు వాడుకోవద్దు, చంటిబిడ్డకు రోజంతా నది మీద ప్రయాణం ఎక్కువ.

ఈత కొలనులోకి డైపర్ ధరించిన పిల్లలను చాలా ఓడలు అనుమతించవు. ఈత డైపర్ వేసినా అదే నియమం. గదిలో గాలి తొట్టి ఉందిగా, అది చాలు.

ఆరోగ్యం

రెండేళ్ళలోపు పిల్లలకు ప్రయాణపు వికారం సాధారణంగా రాదు. రెండు నుంచి పన్నెండేళ్ళ వారికే అది ఎక్కువ. వాంతుల మందులు చాలావరకు రెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వదగినవి కావు. పెద్దల మాత్రను విరిచి ఇవ్వడం మరీ ప్రమాదకరం. పిల్లల డాక్టరును ప్రయాణానికి రెండు వారాల ముందు కలిసి, జ్వరం మందు మోతాదును బిడ్డ బరువును బట్టి రాయించుకోవాలి. 9 నెలలకు వేసే తట్టు, రుబెల్లా టీకా పడ్డాక వెళ్ళడం మంచిది, జనం కిక్కిరిసే చోట తట్టు సులువుగా అంటుకుంటుంది.

ఓడల్లో ఎక్కువ భయపడవలసింది నోరోవైరస్ వంటి విరేచనాల రోగాలకు. చేతికి రాసుకునే శానిటైజర్ దీనిమీద సరిగా పనిచేయదు, సబ్బు, నీళ్ళే శరణ్యం. ఓఆర్‌ఎస్ పొట్లాలు దగ్గర ఉంచుకోవాలి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ళలోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో నెమ్మదిగా పట్టాలి, తల్లిపాలు ఆపకూడదు. ఓడలో డాక్టరు ఉంటారు కానీ రుసుము ఎక్కువే, కాబట్టి ప్రయాణ బీమాలో బిడ్డ పేరు కూడా చేర్పించాలి.

వేములవాడలోనో కొమురవెల్లిలోనో పుట్టు వెంట్రుకలు తీయించే మొక్కు ఉంటే దాన్ని ప్రయాణానికి నెల ముందైనా, తిరిగివచ్చిన తరువాతైనా పెట్టుకోవాలి. డెక్ మీది ఎండకు గుండు ఇట్టే కమిలిపోతుంది. ఆరు నెలలలోపు పిల్లలకు ఎండ క్రీములు కాకుండా నీడ, టోపీయే రక్ష.

ఒడ్డు దాటాక ఫోను సిగ్నల్ ఉండదు. ఓడ మీది రోమింగ్ చాలా ఖరీదు కాబట్టి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బిడ్డ చూసే పాటలు ముందే దింపుకోవాలి. డాక్టరు చీటీని ఫోటోగానే కాక కాగితంగా కూడా ఉంచుకోవాలి.

దిగేటప్పుడు

చివరి రాత్రి పెద్ద పెట్టెలను గది బయట పెట్టమంటారు. మరుసటి ఉదయానికి కావలసిన బట్టలు, డైపర్లు, పాలు అప్పుడే విడిగా తీసి ఉంచుకోకపోతే పెట్టెలతోపాటే వెళ్ళిపోతాయి. ఓడ ఉదయమే ఖాళీ చేయాలి, రైలు సాయంత్రానికి గానీ ఉండదు. మధ్యలోని ఆ గంటలకు స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్‌ను రైలు టికెట్ పీఎన్‌ఆర్ సంఖ్యతో ఐఆర్‌సీటీసీలో ముందుగా తీసుకోవచ్చు. విశాఖ నుంచి సాయంత్రం బయలుదేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ వరంగల్‌కు అర్ధరాత్రి దాటి, తెల్లవారకముందే చేరుతుంది. ఒకరు మేలుకుని ఉండి, మహబూబాబాద్ దాటగానే బిడ్డకు డైపర్ మార్చి, ఉన్ని దుప్పటితో చుట్టి, సామాను తలుపు దగ్గరికి చేర్చాలి. స్టేషన్ బయట ఆ వేళకు ఆటో కోసం వెతుక్కోకుండా, ఇంటి నుంచి ఎవరినైనా బండితో రమ్మని ముందురోజే చెప్పి ఉంచాలి.